బ్యాలస్ట్ నీటి నిబంధనల్లో రేవులకూ బాధ్యత రాయండి: సముద్ర పర్యావరణ పరిరక్షణ కమిటీకి బహిరంగ లేఖ

అంతర్జాతీయ సముద్రయాన సంస్థలోని సముద్ర పర్యావరణ పరిరక్షణ కమిటీ అధ్యక్షులకు, సభ్య దేశాల ప్రతినిధులకు,

ఆర్యా,

ఓడలు నిలకడ కోసం ట్యాంకుల్లో నింపుకుని మోసే బ్యాలస్ట్ నీటి మీది ఒప్పందం కింద మీరిచ్చిన గడువులన్నీ 2024 సెప్టెంబర్ 8తో ముగిశాయి. అప్పటి నుంచి అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ఓడలు, కొద్దిపాటి మినహాయింపులు పోను, నీటిలో బతికున్న జీవులు ఎన్నిటికి మించకూడదో చెప్పే డి-2 ప్రమాణానికి సరితూగే నీటినే బయటికి వదలాలి. దారిలో నడిసముద్రంలో నీరు మార్చుకుని వచ్చామంటే ఇక కుదరదు. 2004 ఫిబ్రవరిలోనే ఆమోదం పొందిన ఈ ఒప్పందం, 30 దేశాలు చేరాలి, వాటి నౌకల టన్నేజీ ప్రపంచ వాణిజ్య నౌకల మొత్తంలో 35 శాతం ఉండాలి అన్న షరతు నెరవేరి అమల్లోకి వచ్చేసరికి 2017 సెప్టెంబర్ అయింది. ఇన్నేళ్లలో ఓడల యజమానుల నుంచి మీకు వినిపించిన మాట ఎక్కువగా గడువు పొడిగించమనే అయి ఉంటుంది. ఈ లేఖ అందుకోసం కాదు. మా ఓడలన్నిటికీ శుద్ధి యంత్రాలు అమర్చాం, వాటిని నడుపుతున్నాం, ప్రమాణాన్ని సడలించమని అడగడం లేదు. 2023 జులైలో మీరు ఆమోదించిన ప్రణాళిక ప్రకారం ఒప్పందాన్ని సమీక్షించే పని చేపట్టారు కనుక, ఒకే ఒక లోటును మీ దృష్టికి తేవాలనుకుంటున్నాను. ఓడ తోడుకునే నీరు ఎలాంటిదో చెప్పే బాధ్యత గానీ, ఆ నీరు యంత్రానికి లొంగనప్పుడు దారి చూపే బాధ్యత గానీ రేవు మీద దాదాపు లేదు. నీరు రేవుది, జవాబుదారీ మాత్రం ఓడది.

నిబంధన ఎందుకు అవసరమైందో ఓడలు నడిపేవాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. నల్లసముద్రం, కాస్పియన్ ప్రాంతాల జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప 1988లో ఉత్తర అమెరికాలోని సెయింట్ క్లెయిర్ సరస్సులో కనిపించి, కొద్ది ఏళ్లలోనే మహా సరస్సులన్నిటికీ పాకి, తాగునీటి గొట్టాలను, విద్యుత్ కేంద్రాల నీటి మార్గాలను మూసేసింది. అట్లాంటిక్ పశ్చిమ తీరానికి చెందిన ఒక జాతి దువ్వెన జెల్లీ 1980లలో నల్లసముద్రంలో చేరి, చేప గుడ్లనూ చేపపిల్లలు తినే ప్లవకాలనూ తినేసింది. అప్పటికే సాగుతున్న మితిమీరిన వేట కూడా తోడై అక్కడి ఆంకోవీ చేపల పరిశ్రమ కుప్పకూలింది. 1991, 1992లలో మెక్సికో గల్ఫ్ రేవులకు చేరిన కొన్ని ఓడల బ్యాలస్ట్ నీటిలో కలరా బాక్టీరియా దొరికింది. ఇవన్నీ మా ట్యాంకుల్లో ప్రయాణించి వచ్చినవే అన్న అంచనాను మేం కాదనడం లేదు. ఖాళీగా వెళ్లే ఓడ నిలకడగా, వంపు లేకుండా, ప్రొపెల్లర్ నీటిలో మునిగి ఉండేలా నడవాలంటే వేల టన్నుల నీరు మోయక తప్పదు. ఆ నీటితో పాటు దానిలోని ప్రాణులూ వస్తాయి.

అందుకే డి-2 ప్రమాణం కఠినంగా ఉండటం సబబే. 50 మైక్రోమీటర్లు, అంతకు మించిన పరిమాణం గల బతికున్న జీవులు ఘనమీటరు నీటిలో పదికి లోపే ఉండాలి. 10 నుంచి 50 మైక్రోమీటర్ల మధ్య ఉన్నవి మిల్లీలీటరుకు పదికి లోపే ఉండాలి. కలరా, ఇ.కోలి, పేగుల్లో ఉండే ఎంటరోకోకై బాక్టీరియాలకు విడిగా హద్దులున్నాయి. ఈ అంకెలను ఎవరైనా మామూలు సముద్రపు నీటితో పోల్చి చూస్తే, ఓడ నుంచి బయటికి పోయే నీరు అది చేరే రేవులోని నీటికంటే జీవుల లెక్కలో చాలా తేలికగా ఉండాలన్నది తెలుస్తుంది. మంచిదే. కానీ అంత శుభ్రత సాధించే యంత్రం, లోపలికి వచ్చే నీటి స్వభావం మీద ఎంతగా ఆధారపడుతుందో ఒప్పందం రాసిన రోజుల్లో ఎవరికీ పూర్తిగా తెలియదు. ఇప్పుడు తెలుసు.

ఆ తెలిసిందేమిటో ఒక ఓడ మీద జరిగినదాన్ని దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. బొగ్గు లాంటి సరుకును రాశిగా మోసే మా బల్క్ క్యారియర్ ఒకటి పెద్ద నది సముద్రంలో కలిసే చోట ఉన్న రేవులో బొగ్గు దింపుతోంది. క్రేన్ల గ్రాబులు హోల్డుల్లోంచి, అంటే సరుకు గదుల్లోంచి, బొగ్గు తీస్తున్న కొద్దీ ఓడ తేలికై పైకి లేస్తుంది. ఆ వేగానికి తగ్గట్టు ట్యాంకుల్లోకి నీరు చేరకపోతే ఓడ ఒళ్లును వంచే ఒత్తిడి అనుమతించిన హద్దు దాటుతుంది, పైగా దింపే క్రేను చేతికీ ఓడ హాచ్ (హోల్డు పైద్వారం) అంచుకూ మధ్య ఖాళీ తగ్గిపోతుంది. చీఫ్ ఆఫీసరు ముందురోజే ఏ హోల్డు ఎప్పుడు, ఏ ట్యాంకు ఎప్పుడు అన్న వరుస వేసి టెర్మినల్‌కు ఇస్తాడు. ఆటు మొదలయ్యేదాకా అంతా వరుస ప్రకారమే నడిచింది. నది వెనక్కి లాగడం మొదలుపెట్టగానే అడుగున ఉన్న ఒండ్రు లేచింది. శుద్ధి యంత్రం ముందున్న 40 మైక్రోమీటర్ల ఫిల్టరు వలకు ఇటూ అటూ పీడనాల తేడా పెరిగింది. యంత్రం తనంతట తాను ఫిల్టరును వెనక్కి కడుక్కోవడం మొదలుపెట్టి, ఒక కడుగు పూర్తికాకముందే మరో కడుగు అందుకుంది. పంపు తోడిన నీటిలో పెద్ద భాగం అలా కడగడానికే పోయి మళ్లీ నదిలో పడింది. ఫిల్టరు దాటిన కొద్ది నీటిలో కూడా మసక తగ్గక, జీవులను దెబ్బతీసే అతినీలలోహిత దీపాలు పూర్తి శక్తితో వెలుగుతున్నా వెలుతురు నీటిలోకి చొరబడటం లేదని ప్యానెల్ అలారం కొట్టింది. ప్రవాహం మూడో వంతుకు పడిపోయింది. టెర్మినల్ నుంచి ఫోన్ వచ్చింది: ‘బొగ్గు ఆపమంటారా, నీరు పెంచుతారా?’

ఆ క్షణాన చీఫ్ ఆఫీసరు చేతిలో ఉన్న దారులు రెండే. దింపుడు ఆపితే బెర్తు, అంటే ఓడను కట్టేసే చోటు, నిలిచిపోతుంది, వెనక లంగరు వేసి ఉన్న ఓడల వరుస జరుగుతుంది, ఆలస్యపు ఖర్చు ఎవరిదన్న వాదన ఓడను అద్దెకిచ్చిన చార్టర్ ఒప్పందం దాకా వెళ్తుంది. యంత్రాన్ని తప్పించి నేరుగా నీరు ఎక్కిస్తే ఓడ, బెర్తు క్షేమం. కానీ ఆ ట్యాంకుల్లోని నీరు ఇక శుద్ధి కాని నీరు, ఆ సంగతి రికార్డు బుక్కులో రాయాలి, జెండా దేశానికీ (ఓడ నమోదైన దేశానికీ) తర్వాతి రేవుకూ తెలపాలి. ఒళ్లు వంగే ఒత్తిడి హద్దు దాటబోతోంది కనుక మావాళ్లు రెండోది ఎంచుకున్నారు. తప్పు చేశారని నేను అనను. అయితే ఆటు వేళకు ఆ రేవులో నీరు ఇలా మారుతుందని అక్కడ రోజూ ఓడలకు దారి చూపే పైలట్లకూ, వాటిని లాగే టగ్గులవారికీ తెలుసు, టెర్మినల్‌కూ తెలుసు. ఓడకు మాత్రం ముందుగా ఎవరూ చెప్పలేదు, చెప్పాలని ఏ నిబంధనా వారిని కోరలేదు.

యంత్రం చవకబారుదై ఉంటుందని ఎవరైనా అనుకోవచ్చు. కాదు. అది మీ నియమావళి ప్రకారమే టైప్ అప్రూవల్, అంటే ఆ నమూనా యంత్రాన్ని పరీక్షించి ఇచ్చే ఆమోదం, పొందినది. 2018లో మీరు ఆమోదించిన ఆ నియమావళి 2019 అక్టోబర్ నుంచి తప్పనిసరి అయింది. 2020 అక్టోబర్ 28న గానీ, ఆ తర్వాత గానీ అమర్చిన ప్రతి యంత్రానికీ దాని ప్రకారమే ఆమోదం ఉండాలి. అంతకుముందున్న మార్గదర్శకాలకంటే అది ఎంతో మెరుగైనది: ఉప్పునీరు, ఉప్పు తక్కువ నీరు, మంచినీరు మూడింటిలోనూ పరీక్ష జరగాలంది, యంత్రం పనిచేసే హద్దులను ధ్రువపత్రంలోనే రాయాలంది. కానీ ఆ పరీక్షలో నీటిలో తేలాడే మట్టి ఎంత ఉండాలని రాశారో గుర్తు చేస్తాను. ఉప్పునీటికి లీటరుకు 1 మిల్లీగ్రాము దాటితే చాలు. మిగతా రెండు రకాల నీటికి 50 మిల్లీగ్రాములు దాటితే చాలు. చైనాలోని యాంగ్సీ నది ముఖద్వారంలోనూ, హుగ్లీ నదిలోనూ మట్టి లీటరుకు వందల మిల్లీగ్రాములు ఉండటం మామూలు విషయం. వేలకు చేరే వేళలూ ఉంటాయి. మంచినీళ్ల కుండ మీద కట్టిన గుడ్డతో వరద కాలువను వడగట్టమన్నట్టుంది.

ఇది అతినీలలోహిత యంత్రాల ఇబ్బంది మాత్రమే కాదు. ఉప్పునీటిలో విద్యుత్తు పంపి క్లోరిన్ తయారుచేసే యంత్రాలు బురదను కొంత బాగా తట్టుకుంటాయి గానీ, వాటికి ఉప్పు కావాలి, చలి పనికిరాదు. మహా సరస్సుల వంటి చల్లని మంచినీటిలో నీరు ఎక్కించుకోవాలంటే ఓడ వెనక కొసన ఉండే పీక్ ట్యాంకులో సముద్రపు నీటిని ముందే నింపి ఉంచుకుని, దాన్ని వేడిచేసి యంత్రానికి అందించాలి. అది తరిగితే యంత్రం ఆగిపోతుంది. నీరు వదిలేటప్పుడు మిగిలిన క్లోరిన్‌ను రసాయనంతో విరగ్గొట్టాలి. బల్క్ క్యారియర్ల పై ట్యాంకుల్లో నీరు పంపుతో పనిలేకుండా గురుత్వాకర్షణతో నేరుగా బయటికి పోయే గొట్టాలుంటాయి. ఆ దారిన వదిలే నీటిలోకి ఈ రసాయనాన్ని కలిపే వీలు మొదట్లో చాలా ఓడల్లో లేదు, విడిగా ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. చమురు ట్యాంకర్లలో పేలుడు ప్రమాదం ఉన్న ప్రాంతానికి వేరే రకం పరికరం కావాలి, వెనక పీక్ ట్యాంకుకు మరొకటి కావాలి. ఓడ పరిమాణాన్ని బట్టి, రకాన్ని బట్టి ఈ ఏర్పాట్లకు కొన్ని లక్షల డాలర్ల నుంచి కొన్ని మిలియన్ డాలర్ల దాకా పెట్టాం. పెట్టినందుకు ఫిర్యాదు లేదు. అన్ని రకాల నీటికీ సరిపడే యంత్రం ఒక్కటీ బజారులో లేదన్నది, ఏది కొన్నా ఏదో ఒక రేవులో అది హద్దు దాటుతుందన్నది మీరు లెక్కలోకి తీసుకోవాలి.

ఇప్పుడు ఒప్పందంలో రేవుల గురించి ఏముందో చూద్దాం. 5వ అధికరణం ప్రకారం ట్యాంకుల శుభ్రత, మరమ్మతులు జరిగే రేవుల్లో అడుగున పేరుకున్న మడ్డిని దింపుకునే సౌకర్యం కల్పించాలి. అంటే నీటి గురించి కాదు, మడ్డి గురించి. బి-3 నిబంధనలో ఓడ తన బ్యాలస్ట్‌ను ఒడ్డున ఉన్న సౌకర్యానికి అప్పగించవచ్చని ఉంది, కానీ అలాంటి సౌకర్యం కట్టి తీరాలని ఎక్కడా లేదు. ఫలితంగా లోకంలో అవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. ఇక మిగిలింది సి-2 నిబంధన. తమ జలాల్లో ఎక్కడ నీరు తోడుకోకూడదో నావికులకు తెలియజేయడానికి దేశాలు ప్రయత్నించాలని అది అంటుంది: విషపు ఆల్గే పెరిగినచోట, మురుగునీరు కలిసే చోట, ఆటుపోట్లు సరిగా కడగని చోట, ప్రవాహం మరింత బురదగా మారే వేళల్లో. చూడండి, బురద ప్రవాహపు వేళల సంగతి 2004 నాడే ఒప్పందంలో రాశారు. మా ఓడకు జరిగింది సరిగ్గా అదే. కానీ అది ప్రయత్నించాలన్న మాట దగ్గరే ఆగింది కనుక, ఇన్నేళ్లలో అలాంటి హెచ్చరిక మా ఓడలకు ఏ రేవు నుంచీ అందలేదు.

2024 మార్చిలో మీరు కష్టమైన నీటి పరిస్థితులున్న రేవుల గురించి తాత్కాలిక మార్గదర్శకం ఇచ్చారు. దానికి కృతజ్ఞతలు చెప్పాలి, ఎందుకంటే యంత్రం లొంగని నీరంటూ ఒకటి ఉందని మొదటిసారి అధికారికంగా ఒప్పుకున్నది అందులోనే. యంత్రాన్ని తప్పించడం చివరి మార్గంగానే జరగాలని, అంతకుముందు ప్రవాహం తగ్గించడం వంటివన్నీ ప్రయత్నించాలని, అలా యంత్రాన్ని తప్పించి నింపిన ట్యాంకుల్లో తర్వాత నడిసముద్రంలో నీరు మార్చి, కొత్త నీటిని శుద్ధి చేసి మళ్లీ దారిలో పెట్టాలని, ఇదంతా ఓడ ప్రణాళికలో ముందే రాసి ఉండాలని అది చెబుతుంది. ఓడ చేయవలసినది ఇందులో వివరంగా ఉంది. రేవు చేయవలసినది మాత్రం ఇక్కడా పలచగానే ఉంది. పైగా అది మార్గదర్శకమే కనుక, ఒక రేవు అధికారులు మా రికార్డు చూసి సరేనంటే, ఇంచుమించు అదే పరిస్థితిలో మరో రేవు అధికారులు ఆ పత్రం తమకు వర్తించదన్నారు. ఒకే సంస్థ సభ్యులైన రెండు దేశాల నుంచి రెండు జవాబులు వస్తే, మూడోసారి ఆ నదిలోకి వెళ్లే ముందు కెప్టెన్‌కు మేం ఏమని రాయాలి?

నడిసముద్రంలో నీరు మార్చడమన్నది కూడా కాగితం మీద ఉన్నంత తేలిక కాదు. తీరానికి 200 నాటికల్ మైళ్ల దూరం, 200 మీటర్ల లోతు ఉండాలి. వీలుకాకపోతే కనీసం 50 మైళ్ల దూరం, అదే లోతు. ట్యాంకులోని నీటిలో 95 శాతమైనా మారాలి. పొంగించి మార్చే పద్ధతిలో ట్యాంకు పరిమాణానికి మూడు రెట్ల నీరు పంపు చేయాలి. మహాసముద్రం దాటే ఓడకు ఇది సాధ్యం. పర్షియన్ గల్ఫ్‌లోపల ఒక రేవు నుంచి మరో రేవుకు వెళ్లే ఓడకు, ఉత్తర సముద్రపు దక్షిణ భాగంలో అటూ ఇటూ తిరిగే ఓడకు దారి పొడవునా ఎక్కడా 200 మీటర్ల లోతు దొరకదు. ఇందుకోసం ఓడ దారి మళ్లాల్సిన పని లేదని, ప్రయాణం ఆలస్యం చేసుకోనక్కర్లేదని బి-4 నిబంధనే చెబుతోంది. అయితే తప్పించిన ట్యాంకులను ఎక్కడ బాగుచేయాలి? తీరదేశాలు ప్రత్యేకంగా ఒక ప్రాంతాన్ని కేటాయించవచ్చని అదే నిబంధనలో ఉంది, అదీ ఐచ్ఛికమే.

ఒక విషయం ఇక్కడే చెప్పి ముందుకు వెళ్తాను. 2006 జులైలో అల్యూషియన్ దీవులకు దక్షిణాన కార్లు మోసుకెళ్తున్న కూగర్ ఏస్ నౌక బ్యాలస్ట్ నీరు మారుస్తుండగా 60 డిగ్రీల మేర పక్కకు ఒరిగిపోయింది. నావికులందరినీ కాపాడారు, కానీ తర్వాత ఓడను నిలబెట్టడానికి వెళ్లిన బృందంలో ఒకరు ప్రాణాలు కోల్పోయారు. శుద్ధి యంత్రాలు రావడానికి ఉన్న కారణాల్లో నడిసముద్రంలో ట్యాంకులు ఖాళీ చేసి నింపే ఈ అపాయం నుంచి తప్పించడం కూడా ఒకటి. రేవు నీరు యంత్రానికి లొంగనప్పుడల్లా ఓడను మళ్లీ అదే పనికి పంపుతున్నామన్నది ఎవరూ పైకి అనడం లేదు.

తనిఖీల దగ్గరికి వస్తే, రేవు దేశపు అధికారులు ధ్రువపత్రం, రికార్డు బుక్కు చూసి, అనుమానం వస్తే లోతుగా పరిశీలించి, ఆపైన నమూనా తీసే క్రమం మీరు 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. క్రమం బాగుంది. మా ఇబ్బంది నమూనా ఫలితం మీద ఒక్కదాని మీదే మొత్తం తీర్పు ఆధారపడటం. ఘనమీటరుకు పది జీవుల లెక్క తేలాలంటే కనీసం ఆ మాత్రం నీటినైనా వడగట్టాలి, సూక్ష్మదర్శిని కింద బతికున్నదాన్ని, చచ్చినదాన్ని వేరు చేయాలి, అదీ జీవులు తమంతట తాము చచ్చిపోకముందే పూర్తవ్వాలి. వేల ఘనమీటర్ల ట్యాంకులో జీవులు అన్నిచోట్లా సమానంగా ఉండవు. అడుగున మడ్డి దగ్గర ఎక్కువ, పైన తక్కువ. హద్దుకు అటూ ఇటూ ఉన్న ఓడ ఒక రేవులో నెగ్గి, తర్వాతి రేవులో తప్పడం ఆశ్చర్యం కాదు. నమూనాల విశ్లేషణకు పట్టే సమయాన్ని అడ్డం పెట్టుకుని ఓడను అనవసరంగా ఆపకూడదని 9వ అధికరణంలో ఉంది. అలా ఆపితే నష్టపరిహారానికి ఓడ అర్హురాలని 12వ అధికరణంలో ఉంది. ఆ పరిహారాన్ని ఎవరిని, ఏ గడువులో, ఎలాంటి రుజువుతో అడగాలో మాత్రం ఒప్పందంలో లేదు. అడిగి మళ్లీ ఆ రేవుకే వెళ్లాల్సిన యజమాని అడగడు కూడా.

రేవు తన నీటి సంగతి రాసి ఉంచడం ఇక్కడ అక్కరకొస్తుంది. ఫలానా తేదీన, ఫలానా గంటకు, ఫలానా బెర్తు దగ్గర నీటిలో మట్టి ఇంత, ఉప్పు ఇంత అని రేవు దగ్గర లెక్క ఉంటే, ఓడ యంత్రంలోని రికార్డుతో దాన్ని పక్కపక్కన పెట్టి చూడవచ్చు. యంత్రం హద్దుల్లో ఉన్న నీటినే ఓడ శుద్ధి చేయకుండా ఎక్కించిందా, హద్దులు దాటిన నీటితో పోరాడి ఓడిందా అన్నది అప్పుడు తేలుతుంది. మొదటిది చేసిన యజమానికి శిక్ష పడాలి. మాలో అలాంటివారు లేరని నేను అనను: ధర చూసి కొని, దీపాలు కాలిపోయినా మార్చక, సెన్సర్ తప్పు చూపిస్తే దాన్ని సరిచేయించే బదులు రికార్డు బుక్కు నింపేసే సంస్థలు ఉన్నాయి. అలాంటివారినీ బురద నదిలో చిక్కుకున్న ఓడనూ ఒకే గాటన కట్టే పద్ధతి వల్ల లాభపడేది వారే.

అమెరికా సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఆ దేశం ఈ ఒప్పందంలో లేదు. 2012 నుంచి అక్కడి తీరరక్షక దళానికి సొంత నిబంధనలు, సొంత టైప్ అప్రూవల్ ఉన్నాయి. జీవుల లెక్కలో అంకెలు దాదాపు అవే అయినా పరీక్ష పద్ధతి వేరు. అతినీలలోహిత కిరణాలు చాలా జీవులను అక్కడికక్కడే చంపవు, ఇక పెరగకుండా, పిల్లలు పెట్టకుండా చేస్తాయి; మీ విధానంలో అది చాలు, వారి విధానంలో కదులుతున్నది బతికున్నట్టే లెక్క. అందుకని అదే యంత్రాన్ని అక్కడి జలాల కోసం ఎక్కువ శక్తితో, తక్కువ ప్రవాహంతో నడపాలి. కొన్ని యంత్రాలకైతే నీటిని ట్యాంకులో నిర్ణీత గంటలు నిల్వ ఉంచాకే వదలాలన్న షరతు కూడా ఉంది, రెండు రేవుల మధ్య అంతకంటే తక్కువ ప్రయాణమున్న ఓడకు అది గుదిబండ. ఇందులో మీరు చేయగలిగింది తక్కువేనని తెలుసు. కానీ మీ సభ్యదేశాలలోనే రేవుకొక రీతి నడుస్తుంటే, బయట ఉన్న దేశాన్ని కలుపుకోమని అడిగే నైతిక బలం మనకు ఎక్కడిది?

విడిభాగాల గురించి రెండు మాటలు. ఈ వ్యాపారంలోకి డజన్లకొద్దీ తయారీదారులు దిగారు, గడువు ముందు హడావిడిగా అమ్మారు, కొత్త యంత్రాల గిరాకీ తగ్గాక కొందరు మూసుకుపోయారు, కొందరు మరొకరిలో కలిసిపోయారు. ధ్రువపత్రం చెల్లుతూనే ఉంటుంది, యంత్రానికి మాత్రం విడిభాగం దొరకదు. తయారీదారు లేని యంత్రాన్ని జెండా దేశం ఎన్నాళ్లు ఆమోదించినట్టు లెక్కవేయాలో సమీక్షలో ఒక మాట రాయడం అవసరం.

రేవులకు బాధ్యత పెట్టమనే సరికి మీ సభల్లో వచ్చే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. పేద దేశాల చిన్న రేవులు ఈ ఖర్చు భరించలేవంటారు. నీటి మసకను, ఉప్పును, వేడిని కొలిచే పరికరం శుద్ధి యంత్రం ఖరీదులో ఇసుమంత; పెద్ద రేవుల్లో చాలావాటిలో పూడిక తీసే పని కోసం ఇలాంటి కొలతలు ఎలాగూ తీస్తూనే ఉంటారు. పైగా మొదటి అడుగుకు రేవు కొత్తగా కొలవనక్కర్లేదు కూడా. అక్కడ నీరు ఎక్కించుకున్న ప్రతి ఓడ యంత్రంలోనూ సమయంతో సహా ప్రవాహం, ఫిల్టరు పీడనం, నీటి మసక లేదా క్లోరిన్ మోతాదు నమోదై ఉంటాయి. వాటిని ఒక చోట పోగుచేస్తే ఏ రేవు ఏ కాలంలో, ఏ ఆటుపోటు వేళలో యంత్రాలకు లొంగదో సంవత్సరం తిరక్కుండా తేలిపోతుంది. 2025 అక్టోబర్ నుంచి ఎలక్ట్రానిక్ రికార్డు బుక్కులకు ఒప్పందంలోనే చోటు దొరికింది కనుక ఈ పోగుచేసే పని మునుపటికంటే సులువు.

రెండో అభ్యంతరం దీనికంటే బరువైనది. రేవులు తమ నీటిని కష్టమైన నీరని ఉదారంగా ప్రకటించేస్తే, అది యంత్రం నడపకుండా తప్పించుకునేవారికి రాజమార్గం అవుతుందంటారు. ఈ భయం నిజమైనదే. అందుకే ప్రకటన ఏడాది పొడవునా చెల్లే బోర్డులా ఉండకూడదు. కొలిచిన విలువలకు, వేళలకు కట్టుబడి ఉండాలి, యంత్రం ధ్రువపత్రంలో రాసిన హద్దు దాటినప్పుడే ఓడకు ఉపశమనం ఇవ్వాలి. ఒకే బెర్తులో, ఒకే ఆటు వేళ, ఒక యంత్రం హద్దు దాటి మరొకటి దాటకపోవచ్చు. దాటనిది శుద్ధి చేసి తీరాలి. మంచి యంత్రం కొన్నవారికి అలా మేలు కూడా దక్కుతుంది. ప్రకటన ఉన్నా తప్పించిన ట్యాంకులను బాగుచేసే బాధ్యత ఓడదే, దాన్ని వదిలించమని నేను కోరడం లేదు.

కాబట్టి సమీక్షలో మీ ముందుకు వచ్చే సవరణల ముసాయిదాలో సి-2 నిబంధనను తెరిచి, హెచ్చరికలు ఇవ్వడానికి ప్రయత్నించాలన్న చోట ఇచ్చి తీరాలని, అవి కొలతలతో ఉండాలని, ఓడ రాకకు ముందే ఏజెంటు ద్వారా కెప్టెన్‌కు చేరాలని రాయండి. తాత్కాలిక మార్గదర్శకంలో ఉన్న పద్ధతిని ఒప్పందంలో భాగం చేసి, దాన్ని పాటించిన ఓడను ఏ సభ్యదేశమూ డిటెన్షన్‌లో పెట్టకుండా, అంటే రేవు దాటనివ్వకుండా ఆపకుండా, చూడండి. లోతు లేని సముద్రాల చుట్టూ ఉన్న దేశాలు కలిసి కూర్చుని, తప్పించిన ట్యాంకులను మార్చుకోవడానికి ఒక ప్రాంతమైనా కేటాయించాలని, కేటాయించలేకపోతే ఆ నీటిని దింపుకునే సౌకర్యం ఒక రేవులోనైనా కల్పించాలని గడువు పెట్టండి. యంత్రం హద్దులు రాసిన ధ్రువపత్రపు పేజీని తనిఖీ అధికారి మొదట చదవాల్సిన పత్రంగా మార్గదర్శకాల్లో చేర్చండి. ఇప్పుడు చాలామంది నేరుగా రికార్డు బుక్కు తెరుస్తున్నారు, సంతకం లేని గడి కోసం వెతుకుతున్నారు.

ఈ మార్పులకు అవసరమైన సమాచారం మా దగ్గర ఉన్నంతవరకు, మా ఓడల యంత్రాల నమోదులన్నిటినీ రేవుల పేర్లతో, వేళలతో సహా మీ కార్యాలయానికి గానీ, మీరు నియమించే బృందానికి గానీ ఇవ్వడానికి మా సంస్థ సిద్ధంగా ఉంది. ఏ రూపంలో కావాలో, ఎవరికి పంపాలో తెలియజేస్తే చాలు.

ఇట్లు,
బల్క్ క్యారియర్లు నడిపే ఒక చిన్న నౌకా సంస్థ సాంకేతిక విభాగం బాధ్యుడు